నెల తప్పేసరికి సగం గడువు అయిపోతుంది

మిర్యాలగూడ మిల్లుల్లో పట్టే సాంబమసూరి బియ్యపు గింజ పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. గర్భం నిలిచిన 28వ రోజుకు కడుపులోని పిండం పొడవూ దాదాపు అంతే. ఆ గింజంత ప్రాణిలో అప్పటికే ఒక పెద్ద పని పూర్తయి ఉండాలి. మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన గొట్టం తల నుంచి నడుము దాకా మూసుకుపోవాలి. డాక్టర్లు దాన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు, మనం నాడీ నాళం అందాం. ఎక్కడైనా మూసుకోకుండా మిగిలితే, తర్వాత అదంతట అది మూసుకోవడం ఉండదు.

మన దేశంలో ఈ లోపం ఎంతమందికి వస్తోంది? పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి 2013లో వెలువడిన ఒక సమీక్ష, వెయ్యి కాన్పులకు సుమారు 4.5 అని తేల్చింది. దీన్ని మన జిల్లాకు వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి సూర్యాపేట జిల్లా పరిధిలో దాదాపు 11 లక్షల మంది ఉన్నారు. తెలంగాణలో వెయ్యి జనాభాకు ఏటా 16 మంది చొప్పున పుడుతున్నారని 2020 నమూనా సర్వే చెప్పింది. ఆ లెక్కన జిల్లాలో ఏడాదికి 17, 18 వేల కాన్పులు. అందులో దాదాపు 80 కుటుంబాలకు ఈ కష్టం రావచ్చు. దేశపు సగటును బట్టి కట్టిన అంచనా ఇది, ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది కాదు. అయినా విషయం ఎంత పెద్దదో తెలియడానికి చాలు. ఈ 80లో సగమో అంతకన్నా ఎక్కువో ఆపగలిగినవే. అందుకే ఈ కథనం.

ముందు ఆ గొట్టం ఎలా తయారవుతుందో చూడాలి. మూడో వారంలో పిండం ఇంకా పలచటి రేకులాగే ఉంటుంది. 18వ రోజు ప్రాంతంలో దాని పైపొర మధ్యభాగం దళసరి అవుతుంది. రెండు అంచులూ పైకి లేస్తాయి, మధ్యలో గాడి పడుతుంది. అంచులు ఎదురెదురుగా వంగుతూ వచ్చి, 22వ రోజు ప్రాంతంలో మెడ దగ్గర మొదటిసారి తాకుతాయి. అక్కడి నుంచి మూత పైకీ కిందికీ సాగుతుంది. తలవైపు రంధ్రం 25వ రోజుకు, నడుమువైపు రంధ్రం 27, 28 రోజులకు మూసుకుంటాయి. మొత్తం పనికి పట్టేది పది రోజులు.

తలవైపు మూసుకోకపోతే పుర్రె పైభాగం, మెదడులో ఎక్కువ భాగం ఏర్పడవు. దాన్ని ఎనెన్‌సెఫాలీ అంటారు, ఆ బిడ్డ బతకదు. నడుమువైపు తెరుచుకుని ఉంటే అది స్పైనా బైఫిడా, అంటే వెన్ను చీలిక. వెన్నులోంచి నరాలు బయటికి తేలి ఉంటాయి. బిడ్డ బతుకుతుంది కానీ కాళ్లలో బలం లేకపోవడం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం, ఆపరేషన్ మీద ఆపరేషన్, ఇవన్నీ ఆ కుటుంబం మోయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు అంచులు తాకితే చాలా? చాలదు, అతుక్కోవాలి. అతుక్కోవడంలోనూ ఒక పద్ధతి ఉండాలి. చర్మం కావాల్సిన కణాలు చర్మపు కణాలతోనే కలవాలి, నాడులు కావాల్సినవి వాటిలో అవే కలవాలి. కలగాపులగమైతే పైన చర్మం, లోపల గొట్టం అని రెండు వేరువేరుగా ఏర్పడవు. కళ్లూ చెవులూ లేని కణం తన వాళ్లెవరో ఎలా తెలుసుకుంటుంది?

1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. ఉభయచరాల పిండాల నుంచి చర్మపు కణాలను, నాడీ కణాలను విడదీసి ఒకే గిన్నెలో కలిపేశారు. మొదట ముద్దగా ఉన్న కణాలు కాసేపటికి వాటంతటవే సర్దుకున్నాయి. నాడీ కణాలు లోపలికి, చర్మపు కణాలు బయటికి చేరాయి. పిండంలో ఉండాల్సిన వరుసే గిన్నెలోనూ వచ్చింది. అంటే గుర్తుపట్టే సాధనం కణం ఒంటి మీదే ఉందన్నమాట.

ఆ సాధనం దొరకడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. యాంటీబాడీల నిర్మాణానికి 1972లో నోబెల్ అందుకున్న జెరాల్డ్ ఎడెల్‌మన్, ఆయన సహచరులు 1977లో కోడి పిండం కంటిలోని నాడీ కణాల మీద ఒక ప్రోటీన్‌ను పట్టుకున్నారు. దానికి ఎన్-క్యామ్ అని పేరు. దాదాపు అదే కాలంలో జపాన్‌లోని క్యోటోలో మసతోషి తకీచి ఇంకో జాతి ప్రోటీన్ల జాడ తీశారు. అవి పనిచేయాలంటే కాల్షియం ఉండి తీరాలి. కాల్షియం తీసేస్తే కణాలు విడివడిపోతాయి. వీటికి క్యాడ్‌హెరిన్లు అని పేరు పెట్టారు. ఈ రెండు జాతులనూ, వీటి చుట్టాలనూ కలిపి కణాల అతుకు ప్రోటీన్లు అనుకోవచ్చు.

ఒక క్యాడ్‌హెరిన్ కణం పైపొరలోంచి బయటికి పొడుచుకు వచ్చే పొడవు సుమారు 20 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్లు అనుకుంటే, ఆ మందం నిండడానికి ఇలాంటివి 4 వేలు ఒకదాని చివర ఒకటి పేర్చాలి. విడిగా చూస్తే ఒక క్యాడ్‌హెరిన్ పట్టు బలహీనం. వేలకొద్దీ ఒకేచోట పట్టుకుంటేనే రెండు కణాలు నిలుస్తాయి. ఈ బలహీనతలో మేలు కూడా ఉంది, అవసరమైనప్పుడు వదిలించుకోవడం తేలిక.

నాళం మూసుకునేటప్పుడు జరిగేదిదే. మొదట పైపొర కణాలన్నిటి మీదా ఈ-క్యాడ్‌హెరిన్ అనే రకం ఉంటుంది. నాడులు కావాల్సిన కణాలు దాన్ని వదిలేసి, ఎన్-క్యాడ్‌హెరిన్‌నూ ఎన్-క్యామ్‌నూ తొడుక్కుంటాయి. ఈ-క్యాడ్‌హెరిన్ ఈ-క్యాడ్‌హెరిన్‌నే, ఎన్-క్యాడ్‌హెరిన్ ఎన్-క్యాడ్‌హెరిన్‌నే ఎక్కువగా పట్టుకుంటుంది. అంచులు తాకగానే లోపలి కణాలు లోపలివాటితో, పైవి పైవాటితో అతుక్కుని, చర్మం కింద గొట్టం విడిగా తయారవుతుంది. 1990లో కప్ప పిండాల్లో చర్మపు కణాల చేత కూడా బలవంతంగా ఎన్-క్యాడ్‌హెరిన్ చేయించి చూశారు. గొట్టం చర్మం నుంచి సరిగా విడిపోలేదు. 1997లో ఎన్-క్యాడ్‌హెరిన్ అసలే లేకుండా చేసిన ఎలుక పిండాలైతే పదో రోజుకే చనిపోయాయి. వాటి నాడీ నాళం వంకర్లు తిరిగింది, గుండె కణాలు కూడా కలిసి నిలవలేకపోయాయి.

అతుక్కోవడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. నాళం పైఅంచున ఉండే కొన్ని కణాలు పట్టు సడలించుకుని బయలుదేరతాయి. ముఖంలోని ఎముకలు, చర్మానికి రంగునిచ్చే కణాలు, పేగుల్లోని నరాలు వాటి నుంచే వస్తాయి. పేగు చివరిదాకా చేరాల్సినవి దారిలోనే ఆగిపోతే పుట్టిన బిడ్డకు మలం కదలదు. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి అనే ఈ ఇబ్బంది సుమారు 5 వేల మందిలో ఒక బిడ్డకు వస్తుంది. ఇలా ప్రయాణం చేయాల్సిన కణాల కోసమే పిండంలోని ఎన్-క్యామ్‌కు ఒక చక్కెర పూత ఉంటుంది, పూత ఎక్కువైతే పట్టు తగ్గుతుంది. పిండ దశలో ఆ పూత బరువు ప్రోటీన్‌లో 30 శాతం దాకా ఉంటే, పెద్దయ్యాక 10 శాతానికి పడిపోతుంది. తిరగాల్సిన వయసులో జారుడు, స్థిరపడాల్సిన వయసులో పట్టు.

నాళం మూసుకున్నాక కూడా ఈ ప్రోటీన్ల పని అయిపోదు. పెద్దవాళ్ల మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటాయి. భూమ్మీద ఉన్న మనుషులకు పదింతలకు పైనే. ఒక్కోటి తన తీగను సరైన చోటికి పంపాలి, మధ్యలో తన కొమ్మకు తానే చుట్టుకోకూడదు. దీనికి పండు ఈగ ఒక దారి కనిపెట్టుకుంది. డీఎస్‌క్యామ్ అనే దాని జన్యువులో నాలుగు చోట్ల ప్రత్యామ్నాయాలున్నాయి: ఒకచోట 12, ఒకచోట 48, ఒకచోట 33, ఇంకోచోట 2. హెచ్చవేస్తే 38,016 రకాల ప్రోటీన్లు. ఒక్కో నాడీకణం తనకంటూ కొన్ని రకాలు ఎంచుకుంటుంది. అచ్చం అవే రకాలున్న కొమ్మ తగిలితే అది తనదేనని తెలుసుకుని పక్కకు తప్పుకుంటుంది. మనుషుల్లో ఈ పని చాలావరకు ప్రోటోక్యాడ్‌హెరిన్లు చేస్తాయి. వాటి జన్యువులు యాభైకి కాస్త పైనే ఉన్నా, కలిపి వాడుకోవడంతో లెక్కలేనన్ని గుర్తులు వస్తాయి.

తీగల ప్రయాణంలో కీలకమైన ఇంకో ప్రోటీన్ ఎల్1. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి అది చెడితే దెబ్బ ముఖ్యంగా మగపిల్లల మీద పడుతుంది. తలలో నీరు చేరడం, బొటనవేళ్లు అరచేతిలోకి ముడుచుకుని ఉండటం దాని గుర్తులు. సుమారు 30 వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. ఎల్1 పట్టును మద్యం దెబ్బతీస్తుందని 1990ల నుంచి ప్రయోగశాలలు చూపిస్తున్నాయి. మన దగ్గర ఒంటికి చలువ అని గర్భిణికి కల్లు పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కల్లు కూడా మద్యమే. ఒక గ్లాసైనా వద్దు.

ఇక మన చేతిలో ఉన్నదానికి వద్దాం. ఈ ప్రోటీన్లను మాత్రల రూపంలో మింగలేం. జన్యువులనూ మార్చలేం. కానీ నాళం మూసుకునే ఆ పది రోజుల్లో కణాలు విపరీతమైన వేగంతో పెరుగుతుంటాయి. పెరిగే ప్రతి కణానికీ కొత్త డీఎన్‌ఏ కావాలి, దాన్ని తయారుచేయడానికి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. మాత్రలో దొరికే దాని రూపమే ఫోలిక్ యాసిడ్. మరి ఫోలిక్ యాసిడ్ తింటే అతుకు ప్రోటీన్లు పెరుగుతాయా అని మీరు అడగొచ్చు. అంత సూటి సంబంధం కాదు. అంచులు వేళకు పెరిగి, లేచి, ఎదురెదురుగా రావడానికి ఫోలేట్ కావాలి. వచ్చాక అతకడం ప్రోటీన్ల పని. అంచులే ఆలస్యమైతే అతుకు ఎంత బాగున్నా లాభం లేదు.

ఫోలిక్ యాసిడ్ కథలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1928 నుంచి కొన్నేళ్లు బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే డాక్టర్, రక్తం తగ్గిపోయిన గర్భిణులు ఈస్ట్ సారంతో కోలుకోవడం గమనించారు. అందులో ఏదో కొత్త పదార్థం ఉందని 1931లో రాశారు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరు చేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకూర నుంచి తీయాల్సి వస్తే అది పేదల దాకా ఎలా వస్తుంది? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాన్ని నడిపేవారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఇవాళ అది అతి చవక మందుల్లో ఒకటైందంటే ఆ పని వల్లే. సూర్యాపేటలోనో కోదాడలోనో ఏఎన్ఎం చేతిలో పెట్టే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలోనూ ఆయన శ్రమ ఉంది.

వెన్ను చీలికను ఇది ఆపుతుందని తేలింది మాత్రం 1991లో. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డ కలిగిన తల్లుల మీద పరీక్షించింది. రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. మొదటి కాన్పుకూ ఇది పనిచేస్తుందని మరుసటి ఏడాది హంగేరీ అధ్యయనం చూపింది.

సాధారణంగా కావాల్సింది రోజుకు 400 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షో వంతు. ఒక్క గ్రాము ఫోలిక్ యాసిడ్ 2,500 రోజుల మోతాదుకు సరిపోతుంది. 27 మంది ఆడవాళ్లకు మూడేసి నెలలు వస్తుంది. అంత చిన్న విషయం. చిక్కు మోతాదులో లేదు, తేదీలో ఉంది.

క్యాలెండర్ తీసి చూడండి. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది అక్కడికి సుమారు 14 రోజులకు. నాళం మూసుకునేది ఆ తర్వాత 28 రోజులకు, అంటే చివరి నెలసరి నుంచి 42వ రోజుకు. నెల తప్పిందని తెలిసేది 28వ రోజు దాటాక. అప్పటికి సగం గడువు అయిపోయింది, మిగిలింది రెండు వారాలు. ఇంకో వారం చూద్దాం అనుకుని, పరీక్ష చేసుకుని, అత్తగారింట్లో చెప్పి, ఆశా కార్యకర్తకు తెలిసి, పీహెచ్‌సీలో పేరు రాయించేసరికి 42వ రోజు దాటిపోవడం మామూలే. 12 వారాల్లోపు పేరు రాయిస్తే తొందరగా వచ్చినట్టే లెక్క. నాళం సంగతి మాత్రం ఆరో వారానికే తేలిపోయి ఉంటుంది.

ప్రభుత్వం ఇచ్చే మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంది కదా అంటారా? ఉంది. గర్భిణికి రోజూ ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 180 రోజులు ఇస్తారు, కానీ మొదలయ్యేది నాలుగో నెల నుంచి. రక్తహీనతకు అది తప్పనిసరి, మానవద్దు. నాళానికి మాత్రం ఆలస్యం. గర్భం రాకముందు ఆడవాళ్లకు వారానికొకటి ఇవ్వాల్సిన మాత్రలోనూ 500 మైక్రోగ్రాములే. వారానికొక్క మాత్రే అయితే 2,800 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే మనది ఐదో వంతుకూ తక్కువ. గర్భం కోరుకునే దశ నుంచి మూడో నెల చివరిదాకా రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమమే చెబుతోంది. కాగితం మీద ఉన్న ఈ మాట కొత్త దంపతుల దాకా చేరడం లేదన్నదే నా బాధ.

మరి పోషకాలు కలిపిన బియ్యం, అంటే ఫోర్టిఫైడ్ బియ్యం సంగతి? ఇది మన ప్రాంతానికి బాగా దగ్గరి విషయం. సాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ మిల్లులకే వస్తాయి. ప్రభుత్వానికి ఇచ్చే బియ్యంలో క్వింటాలుకు కిలో చొప్పున పోషక గింజలు కలపడం మిల్లర్లకు తెలిసిన పనే. గుప్పెడు ఫోర్టిఫైడ్ బియ్యం పళ్లెంలో పోసి వేలితో జరిపి చూడండి. వందకొకటి చొప్పున రంగు కాస్త తేడాగా, పైన నునుపుగా ఉన్న గింజ దొరుకుతుంది. కడిగితే కొన్ని తేలవచ్చు. ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేస్తారు కొందరు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి యంత్రంలో మళ్లీ గింజలా ఒత్తినవే అవి. వాటిని ఏరేస్తే కలిపిన పోషకమంతా చెత్తబుట్టలో పోసినట్టే.

కానీ అది చాలుతుందా? ప్రమాణం ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఉండే ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకంలో మనిషికి నెలకు 6 కిలోలు. ఆ ఆరు కిలోలూ ఫోర్టిఫైడ్ బియ్యమే అనుకున్నా, నెలంతా తిన్నాక ఒంటికి చేరేది 450 నుంచి 750. నెల రేషన్ మొత్తం కలిపి ఒకటి రెండు రోజుల మోతాదు. గంజి వార్చి పారబోస్తే అందులోనూ కొంత పోతుంది. 1998 నుంచి పిండిలో కలుపుతున్న అమెరికాలో కిలోకు 1,400 మైక్రోగ్రాములు, మనకన్నా పదకొండింతలకు పైనే. మన బియ్యం పథకం ముఖ్యంగా రక్తహీనత కోసం పెట్టింది. దాన్ని తప్పుపట్టను, కానీ దాని మీద భరోసా పెట్టుకుని మాత్ర మానేయొద్దు.

ఆకుకూరలు, పప్పులు? తప్పకుండా తినాలి. పచ్చి పాలకూర వంద గ్రాముల్లో 140 నుంచి 190 మైక్రోగ్రాముల దాకా ఫోలేట్ ఉంటుంది. ఉడికితే అందులో కొంత పోతుంది. మిగిలినదీ మాత్రలోని దానంత బాగా ఒంటికి పట్టదు. కూరతో 400 చేరాలంటే రోజూ కిలో లెక్కన వండుకోవాల్సి రావచ్చు. అందుకే కూరతో పాటు మాత్ర.

మెడికల్ షాపులో అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది 5 మిల్లీగ్రాముల మాత్ర, అంటే 400 మైక్రోగ్రాములకు పన్నెండింతలకు పైనే. పెద్ద మోతాదు అవసరమైనవాళ్లు ఉన్నారు. ముందు కాన్పులో ఇలాంటి బిడ్డ కలిగినవారికి 4 మిల్లీగ్రాములు చెబుతారు. మిగతావారు డాక్టర్‌ను అడిగి తగిన మోతాదు రాయించుకోవడం మంచిది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే బి12 లోపం బయటపడకుండా దాగిపోవచ్చు. మాంసం, గుడ్లు తిననివారు ఇది గుర్తుంచుకోవాలి.

మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారు, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు గర్భం అనుకోక ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ వాడే తల్లుల్లో నూటికి ఒకరిద్దరికి వెన్ను చీలిక బిడ్డ పుట్టే ప్రమాదం ఉంది. మెథోట్రెక్సేట్ పనే ఫోలేట్‌ను అడ్డుకోవడం. అలాగని సొంతంగా మందు ఆపేయవద్దు, మూర్ఛ తిరగబెడితే తల్లికే ముప్పు. ఇక టిఫా స్కాన్ గురించి ఒక్క మాట. 18 నుంచి 20 వారాల మధ్య చేసే ఆ స్కాన్ లోపం ఉంటే చూపిస్తుంది, రాకుండా ఆపలేదు.

ఇంట్లో కొత్త కోడలో, పెళ్లయిన కూతురో ఉండి, పిల్లల కోసం చూస్తుంటే నెల తప్పేదాకా ఆగకండి. కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టించండి. మీ ఊరి ఆశా కార్యకర్తను, పీహెచ్‌సీ డాక్టర్‌ను, లేదా సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి: "గర్భం రాకముందు వేసుకునే మాత్ర కావాలి" అని. అడిగేవాళ్లు పెరిగితే ఇచ్చేవాళ్లూ ముందుగా ఇస్తారు.